మొగిలి ఘాట్‌లో మొదలైన మిస్సింగ్: కారు ప్లగ్గుల గ్యాపు సరిచేసుకున్న నా అనుభవం

జనవరి 19, ఆదివారం. సంక్రాంతికి చిత్తూరు వెళ్ళి బెంగళూరుకు తిరిగి వస్తున్నాం. కారులో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. డిక్కీలో బియ్యం మూట, అరిసెల డబ్బాలు, వద్దన్నా వినకుండా అమ్మ ఎక్కించిన గుమ్మడికాయలు. ఏసీ ఆన్‌లో ఉంది. మొగిలి ఘాట్ ఎక్కుతూ ఒక లారీని దాటుదామని మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. బండి ముందుకు పోవాల్సింది పోయి వెనక్కి గుంజింది. ఒకసారి కాదు, గుంజుతూనే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

లారీ వెనక్కే సర్దుకున్నాను. కాలు కాస్త వదలగానే కుదుపు ఆగింది, లైటు కొట్టుకోవడమూ ఆగింది. ఏసీ ఆపి, రెండో గేరులో మెల్లగా పైకి చేరాం. పలమనేరులో టీ తాగడానికి ఆపి బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ ఏమీ ఎరగనట్టు చక్కగా తిరుగుతోంది. ఆ పూట బెంగళూరు దాకా అరవై దాటకుండా నడిపాను. అమ్మ దారిపొడుగునా వెంకటేశ్వరస్వామిని తలుచుకుంటూనే ఉంది.

ఆ లైటు గురించి ఒక మాట. వెలిగి నిలబడితే తీరిక చూసుకుని బండి చూపించుకోవచ్చు. కొట్టుకుంటుంటే మాత్రం సిలిండర్లో మంట అంటుకోవడం లేదని అర్థం, మిస్సింగ్ అనేది దీన్నే. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడైపోతుంది. దాని ధర ముందు మిగతా ఖర్చులు చిల్లర. అందుకే అలా కొట్టుకుంటే కాలు తీసేయాలి, తొక్కకూడదు.

నాది 2011లో కొన్న చిన్న పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, హై వోల్టేజీ పుట్టించే కాయిల్ నుంచి, సిలిండర్లో నిప్పురవ్వ వేసే ప్లగ్గులకు వైర్లు వచ్చే పాత పద్ధతి. మీటరు మీద 91,000 కిలోమీటర్లు. ఈ మధ్య వచ్చే కార్లలో చాలావాటికి ప్లగ్గు నెత్తిన కాయిల్ నేరుగా కూర్చుంటుంది కాబట్టి అక్కడ పని కాస్త వేరు.

జనవరి 25 శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఒక పెద్ద గ్యారేజీలో ఇచ్చాను. వాళ్ళు బండిని నిలబెట్టి స్టార్ట్ చేసి, ఐడిలింగ్ విని, "బాగానే ఉంది కదా సార్" అన్నారు. నిలబెడితే బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే గుంజుతోందని చెప్పాను. కాగితం మీద "పికప్ లేదు" అని రాసుకున్నారు. సాయంత్రం ఆరింటికి బండి చేతికొచ్చింది. థ్రాటిల్ బాడీ (ఇంజన్లోకి గాలిని వదిలే తలుపు) క్లీనింగ్, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్లో కలిపే ఇంజెక్టర్ క్లీనర్ సీసా, అన్నీ కలిపి 3,850 రూపాయలు. ప్లగ్గులు చూశారా అని అడిగితే "అవి కంప్లైంట్‌లో లేవు సార్" అన్నాడు కౌంటర్లో ఉన్న కుర్రాడు. మర్నాడు రిపబ్లిక్ డే, పొద్దున్నే రోడ్లు ఖాళీ. కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి మీదికి నాలుగో గేరులో ఏసీ వేసి తొక్కి చూశాను. అదే కుదుపు.

నిజం చెప్పొద్దూ, ఆ వారమంతా మనసు పాడైపోయింది. నాలుగు వేలకు దగ్గరగా పోయాయన్న బాధ ఒకటి. బండి అమ్మేద్దామని ఇంట్లో మొదలైన చర్చ ఇంకొకటి. మా బావమరిది ఫోన్ చేసి మరీ ఎలక్ట్రిక్ కార్ల రేట్లు చదివాడు.

ఫిబ్రవరి 1న, శనివారం, రామమూర్తినగర్‌లో మా వీధి చివర చెట్టు కింద పనిచేసే మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయనది మదనపల్లె వైపు. నేను మొత్తం చెప్పకముందే, "ఎక్కేటప్పుడే గుంజుతాంది, నిలబెడితే బాగుంటాది, అంతేనా సార్? ప్లగ్గులు ఎప్పుడు మార్చినారు?" అన్నాడు. సర్వీసు పుస్తకంలో 52,000 దగ్గర మార్చినట్టుంది. ఆయన ప్లగ్గు పానా పెట్టి ఒకటి ఊడదీసి, నడిమి కొనకూ దాని మీదికి వంగిన కొమ్ముకూ మధ్య రవ్వ దూకే ఎడాన్ని, అంటే గ్యాపును, వెలుగుకు పట్టి చూసి, నాకూ చూపించాడు. "ఏంది సార్ ఇది, దీంట్లో నుంచి బస్సు పొయ్యేటట్టుండాది!"

నాలుగూ తీశాడు. ఎమరీ పేపర్‌తో మసి గీకి, పెట్రోల్‌తో తుడిచాడు. డబ్బాలోంచి విరిగిన హాక్సా బ్లేడు ముక్క తీసి, ప్లగ్గు కొనలో పెట్టి, వంగిన కొమ్మును పానాతో టక్ టక్ అని కొట్టి బ్లేడు బిగుసుకునేదాకా మూశాడు. నాలుగింటికీ అంతే. ఇరవై నిమిషాల పని, రెండు వందలు. "ఇవి అరిగిపోయినాయి సార్, కొత్తవి వేసుకోండి. ఈలోపల ఇట్ల తిప్పుకోండి" అని కూడా చెప్పాడు.

కుదుపు పోయింది! అదే బ్రిడ్జి, అదే గేరు, ఎంత తొక్కినా గుంజలేదు. పెద్ద గ్యారేజీ రోజంతా ఉంచుకుని పట్టుకోలేనిది చెట్టు కింద ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. ఇంటికొచ్చి బావమరిదికి నేనే ఫోన్ చేశాను.

సంబరం సోమవారం పొద్దున టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్ దాకానే. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ వణుకుతోంది. ఇంజన్ వేగం చూపే ముల్లు 800 దగ్గర నిలవకుండా కిందికి జారి మళ్ళీ లేస్తోంది. ఏసీ కంప్రెసర్ పడ్డప్పుడల్లా ఇంజన్ ఆగిపోతుందేమో అన్నట్టు ఒక కునుకు. ఘాట్‌లో ఉన్న రోగం సిగ్నల్‌కు దిగింది. బెంగళూరులో బండి నడిచే సమయం కంటే నిలబడే సమయమే ఎక్కువ కాబట్టి ఇది ఇంకా చిరాకు.

అప్పుడు కూర్చుని కారు మాన్యువల్ తీశాను. ప్లగ్గు గ్యాపు 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లని అందులో స్పష్టంగా ఉంది. హాక్సా బ్లేడు మందం 0.65 దగ్గర ఉంటుంది. అంటే కావాల్సిన దాంట్లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ఒక్కసారిగా రెండు రోగాలకూ అర్థం తెలిసింది.

నిప్పురవ్వ దూకడానికి ఎంత వోల్టేజీ కావాలన్నది రెండింటిని బట్టి ఉంటుంది: మధ్య దూరం, అక్కడి గాలి ఒత్తిడి. బండి నిలబడి ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, సిలిండర్లోకి గాలి కొంచెమే వెళుతుంది, ఒత్తిడి తక్కువ. అరిగి ఎడం పెరిగిన ప్లగ్గులో కూడా రవ్వ దూకేస్తుంది. అందుకే గ్యారేజీలో నిలబెట్టి వింటే ఏ లోపమూ కనపడలేదు. ఘాట్‌లో పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండా గాలి, ఒత్తిడి ఎక్కువ. అదే ఎడం దాటడానికి కాయిల్ శక్తి చాలదు, మిస్ అవుతుంది. పైగా బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి కాస్త పలచన. ఘాట్ కింద చిత్తూరు వైపు గాలి ఇంతకంటే చిక్కన. ఊళ్ళో అప్పటిదాకా బయటపడనిది ముందుగా అక్కడ బయటపడటంలో వింత లేదు.

గ్యాపు బాగా దగ్గరైతే కథ తిరగబడుతుంది. రవ్వ ఎక్కడైనా దూకుతుంది, లోటు లేదు. కానీ చిన్న రవ్వ. పుట్టిన మంటలోని వేడిని రెండు పక్కలా ఉన్న లోహమే లాగేసుకుంటుంది. ఐడిలింగ్‌లో సిలిండర్లో తాజా గాలి తక్కువ, మిగిలిపోయిన పొగ ఎక్కువ. అలాంటి మిశ్రమానికి ఆ చిన్న రవ్వ ఒక్కోసారి అంటుకోదు. అదీ వణుకు.

ఫిబ్రవరి 8, రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. బెంగళూరులో బండి సామాన్ల షాపులుండే జేసీ రోడ్డుకు బయలుదేరాను. ఆదివారం అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారమే మేలు. కారు తీసుకుపోతే పార్కింగ్ దొరకదు, మెట్రోనే నయం. కేఆర్ పురంలో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కేఆర్ మార్కెట్‌లో దిగి నడిచాను. (మెట్రో చార్జీలు పెంచింది ఆ మర్నాటి నుంచే. నేను పాత చార్జీతో పోయొచ్చాను, అదొక తృప్తి.)

జేసీ రోడ్డులో ప్లగ్గు అడిగితే ముందు "ఏ బండి?" అంటారు, తరువాత "ఇరిడియమా, మామూలా?" అంటారు. ఇరిడియం ఒక్కొక్కటి 750 చెప్పాడు, మామూలు నికెల్ ప్లగ్గు 140. ఇరిడియంతో వచ్చే లాభం ముఖ్యంగా మన్నిక. సన్నని కొన కాబట్టి రవ్వ దూకడం కాస్త తేలిక కూడా. అంతేగానీ నా పాత బండికి అది కొత్త రెక్కలేమీ మొలిపించదు. మామూలువే నాలుగు తీసుకున్నాను, 560.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నాకు కావాల్సిన నంబరు మూడే ఉన్నాయి, నాలుగోది పక్క నంబరు ఇచ్చి "ఇదీ కూర్చుంటుంది సార్" అన్నాడు. మర ఒకటే కాబట్టి కూర్చునే మాట నిజమే. కానీ ప్లగ్గు నంబరు మధ్యలో ఉండే అంకె, ప్లగ్గు ఎంత వేడిని బయటికి పంపగలదో చెప్పేది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన, బాష్‌లో అంకె తగ్గితే చల్లన, రెండూ తలకిందులు. కంపెనీ మార్చేటప్పుడు అంకె చూసి పోల్చుకుంటే మోసపోతాం. ఎన్‌జీకే నంబరు చివర 11 అని ఉంటే గ్యాపు 1.1 మిల్లీమీటర్లని. నాలుగోది పక్క గోడౌన్ నుంచి తెప్పించేదాకా ముప్పావుగంట నిలబడ్డాను. ఒకే ఇంజన్లో మూడు ఒక రకం, ఒకటి ఇంకో రకం వేయడం నాకు నచ్చదు.

గ్యాపు కొలిచే సన్నని రేకుల కట్ట, ఫీలర్ గేజ్, 180. పదహారు నంబరు ప్లగ్గు సాకెట్, లోపల అయస్కాంతం ఉన్నది, 350. పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు 250. మా పాత స్కూటర్ ప్లగ్గు పానా ఇంట్లో ఉంది గానీ అది పెద్ద కొలత, పైగా కారులో ప్లగ్గు లోతైన బావిలో ఉంటుంది, అందదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో మొదలుపెట్టాను. రాత్రంతా ఆగిన ఇంజన్. వేడి మీద ప్లగ్గులు తీయకూడదు. హెడ్ అల్యూమినియం కాబట్టి మరలు లేచిపోయే ప్రమాదం ఉంది. వైర్లకు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని టేపు అంటించాను. తీసేటప్పుడు వైరు పట్టి లాగకూడదు, చివరి రబ్బరు బూటును పట్టుకుని కొంచెం తిప్పి లాగాలి.

ప్లగ్గు విప్పేముందు ఆ బావుల్లో పేరుకున్న దుమ్మును మా అబ్బాయి సైకిల్ పంపుతో ఊదాను. ఇది మానేస్తే ప్లగ్గు బయటికి రాగానే ఆ ఇసుకంతా సిలిండర్లోకే పోతుంది. మూడోది గట్టిగా బిగుసుకుంది. కిర్రుమన్న చప్పుడుకు నా గుండె జారింది. కొంచెం తుప్పు వదిలే నూనె వేసి పదిహేను నిమిషాలు ఆగి, కాస్త విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి, అలా రాబట్టాను.

నాలుగు పాత ప్లగ్గులనూ వరసగా న్యూస్‌పేపర్ మీద పెట్టుకుని చూడటం ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం. కొనలు లేత గోధుమ రంగులో ఉన్నాయి. పొడి నల్ల మసి లేదు, నూనె తడి లేదు, తెల్లగా కాలిన పొక్కులు లేవు. అంటే ఇంజన్ ఆరోగ్యం బాగుంది, బండి అమ్మక్కర్లేదు. రెండు ప్లగ్గుల్లో నడిమి కొన గుండ్రంగా అరిగింది, మిగతా రెండింటిలో పైన వంగిన కొమ్ము గుంట పడింది. ఇలాంటి కాయిల్‌లో ప్లగ్గులు జంటలుగా ఉంటాయి, ఒకటీ నాలుగూ ఒక జంట, రెండూ మూడూ ఒక జంట. జంటలో ఒకదాంట్లో రవ్వ నడిమి కొన నుంచి కొమ్ముకు పోతే రెండోదాంట్లో కొమ్ము నుంచి కొనకు వస్తుంది. అరుగుదల కూడా దానికి తగ్గట్టే. ఇలా అరిగినదాన్ని కొట్టి ఎంత మూసినా గ్యాపు అంతటా సమంగా రాదు. మెకానిక్ కొత్తవి వేసుకోమన్నది అందుకే.

తెల్ల పింగాణీ మీద, లోహం మొదలయ్యే చోట, గోధుమ రంగు వలయం ఒకటి ఉంది. గ్యాస్ లీకయితే అలా వస్తుందని చాలామంది భయపెడతారు. కాదు, ఆ హై వోల్టేజీకి గాలిలోని నూనె తుంపర అక్కడ చేరి పట్టే మరక అది. నిజంగా భయపడాల్సింది మూడో ప్లగ్గు పింగాణీ మీద నిలువుగా ఉన్న సన్నని నల్ల గీతకు. రవ్వ లోపల దూకకుండా, రబ్బరు బూటు లోపలే పింగాణీ మీదుగా పాకి బయటి లోహానికి పోయిన జాడ అది. బూటు లోపల టార్చి వేసి చూస్తే అక్కడా దానికి జోడీగా ఇంకో గీత.

కొత్త ప్లగ్గులు. డబ్బా మీద గ్యాపు పెట్టే వచ్చిందని రాసినా కొలవాల్సిందే. గేజ్‌లో పెద్ద రేకు 1.00 దాకానే ఉంది. దానికి 0.05 రేకు జోడించి 1.05 చేశాను. మూడింటిలో రేకు కాస్త రాసుకుంటూ సాఫీగా దూరింది. నాలుగోదాంట్లో అసలు దూరలేదు. 0.90 రేకు బిగుతుగా పట్టింది. ఎక్కడో కింద పడి ఉంటుంది. పింగాణీకి పగులు లేదని నిర్ధారించుకున్నాకే చేతిలోకి తీసుకున్నాను. కొమ్మును మాత్రమే పట్టుకుని కొంచెం ఎత్తాలి. నడిమి కొన మీద ఆనించి మీటకూడదు, లోపల పింగాణీ చిట్లుతుంది. మొదట ఎక్కువైంది, 1.10 కూడా దూరింది. చెక్క మీద మెల్లగా తట్టి తగ్గించాను. ఇలా ఒక్క ప్లగ్గుకే పావుగంట పట్టింది. హాక్సా బ్లేడుతో టక్ టక్ అని అయిపోయే పని ఇది!

బిగించేటప్పుడు పెట్రోల్ పైపు ముక్కను ప్లగ్గు తలకు తొడిగి, ఆ పైపుతో తిప్పుతూ దింపాను. మర తప్పుగా పట్టుకుంటే పైపు జారుతుంది, హెడ్ పాడవదు. చేతికి ఆగేదాకా తిప్పి, తరువాత సాకెట్‌తో ఇంకో అర చుట్టు, అంతే. బిగువును కొలిచే టార్క్ రించ్ నా దగ్గర లేదు. కొత్త ప్లగ్గుకు ఆ అర చుట్టులో వాషరు నొక్కుకుని సరిపోతుంది. పాతదాన్నే మళ్ళీ వేస్తే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి అంత తిప్పకూడదు. మరకు గ్రీజు రాయలేదు. రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

స్టార్ట్ చేస్తే ముల్లు 800 దగ్గర కదలకుండా నిలబడింది. స్టీరింగ్ మీద చేయి పెట్టి అలాగే కాసేపు కూర్చున్నాను, వాచ్‌మన్ వచ్చి ఏమైందని అడిగేదాకా.

పూర్తిగా తేలలేదు. ఆ బుధవారం సాయంత్రం బ్రిడ్జి మీద ఒక్కసారి చిన్న కుదుపు. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్ చదివే బ్లూటూత్ ఓబీడీ రీడర్, 650 పెట్టి కొన్నది, తగిలిస్తే ఫోన్లో పి 0303 అని చూపించింది, మూడో సిలిండర్ మిస్ అని. నల్ల గీత ఉన్న ఆ బూటు. కొత్త ప్లగ్గు వేసినా రవ్వ పాత దారినే వెతుక్కుంటోంది. వైర్ల సెట్టు స్టాకు లేదన్నారు, నాలుగు రోజులకు వచ్చింది, 950. బూటు లోపల రాసుకునే, కరెంటు పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు చిన్న ట్యూబు ఇంకో 120. ప్లగ్గులు మార్చేటప్పుడు బూటు లోపల టార్చి వేయడం ఎవరూ మానొద్దు.

శివరాత్రికి మళ్ళీ చిత్తూరు వెళ్ళాం. మార్చి 2న తిరిగొస్తూ ఘాట్‌లో ఏసీ వేసి, మూడో గేరులో, ఒకటి కాదు రెండు లారీలను దాటాను. లైటు వెలగలేదు. ఊళ్ళో 12కు పడిపోయిన మైలేజీ మళ్ళీ 14 దాటింది. అయితే ఎయిర్ ఫిల్టర్ కూడా కొత్తదే కాబట్టి అంతా గ్యాపు ఖాతాలో వేయను. బండికి కొత్త బలం వచ్చిందా అంటే రాలేదు. పోయింది తిరిగొచ్చింది.

ఈ సంగతి తెలిసి మా పై ఫ్లాట్ ఆయన తన టర్బో కారు ప్లగ్గులకూ "మీలాగే 1.1 పెట్టండి సార్, పికప్ పెరుగుతుంది" అంటూ వచ్చాడు. టర్బో గాలిని ఒత్తి ఇంజన్లోకి నింపుతుంది కాబట్టి ఒత్తిడి ఇంకా ఎక్కువ, గ్యాపు తక్కువే ఉండాలి. ఆయన మాన్యువల్లో 0.7 నుంచి 0.8 అని ఉంది. పైగా అవి ఇరిడియం, వెంట్రుక లాంటి కొన. నేను ముట్టుకోనని చెప్పేశాను. కాస్త ముఖం ముడుచుకున్నాడు.

పోయిన ఆదివారం గేజ్ జేబులో వేసుకుని చెట్టు కింద మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన హాక్సా బ్లేడును కొలిచాం. 0.65 సరిగ్గా. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "మా గురువు చేసిన బండ్లన్నీ కార్బొరేటర్‌వి, పాయింట్లుండేవి సార్. వాటికి ఈ బ్లేడే లెక్క. అట్లే చేతికి అలవాటైపాయ." ఆ మాటా నిజమే, అప్పటి బలహీనమైన కాయిళ్ళకు ఆ దగ్గరి గ్యాపే సరి. గేజ్ రేకులను ఒక్కొక్కటిగా విప్పి, మీద గీసిన అంకెలు చూసి, ఎంతకు తెచ్చినారు అని అడిగాడు. జేసీ రోడ్డులో 180 అన్నాను.

"అయ్యో, ఎస్పీ రోడ్డుకు పోవాల్సింది సార్. నూటిరవైకి ఇస్తాడు."